ఊరవేసిన ఆలివ్‌లు: మంచివి ఏవి, ఎక్కడ దొరుకుతాయి, ఎలా తినాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఆలివ్ నూనె గురించి తెలుగులో బోలెడంత రాశారు. కాయను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పిజ్జా మీద చూసి ఆలివ్ అంటే ఇంతేలే అని తేల్చేసినవాళ్లూ, దుబాయ్‌లోనో డాలస్‌లోనో కౌంటర్ ముందు నిలబడి ఏది కొనాలో తేలక వెనక్కి వచ్చేసినవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. రంగు చూసి కొనకండి, రకం పేరూ ఊరవేసిన పద్ధతీ చూసి కొనండి అన్నదే నా మాట. మిగతాదంతా దానికి వివరణ.

పిజ్జా మీద వేసే నల్ల ఆలివ్‌లకు రుచి ఎందుకు ఉండదు?

అవి చెట్టు మీద నల్లబడినవి కావు కాబట్టి. పచ్చిగా ఉండగానే కోసి, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలోకి గాలి పంపుతారు. గాలి తగిలి కాయ నల్లబడుతుంది. ఆ నలుపు వెలిసిపోకుండా ఫెర్రస్ గ్లూకోనేట్ అనే ఇనుప లవణం కలుపుతారు. తర్వాత డబ్బాలో పెట్టి బాగా వేడిచేస్తారు. చేదు పోతుంది, దాంతో పాటు రుచి కూడా చాలావరకు పోతుంది. ఇందులో పులియడం అనే దశ ఉండదు. ఉన్నా నామమాత్రమే.

ఈ డబ్బా ఆలివ్‌కు పుట్టిల్లు కాలిఫోర్నియా. 1890ల చివర్లో ఫ్రెడా ఎమన్ అనే ఆవిడ, బర్కిలీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ యూజీన్ హిల్‌గార్డ్ సలహాలతో, ఓక్లండ్‌లో ఇంటి వెనక వరండాలో పీపాలు పెట్టుకుని కాయలు ఊరవేసి వ్యాపారం మొదలుపెట్టారు. 1919-20లో సరిగ్గా వేడిచేయని ఆలివ్‌లు తిని అమెరికాలో కొన్నిచోట్ల బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం సోకి జనం చనిపోయారు. అప్పటినుంచి డబ్బా ఆలివ్‌లను 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికించాలన్న నియమం వచ్చింది. నియమం మంచిదే, ప్రాణాలు కాపాడింది. కానీ అంత వేడి తగిలాక ఏ కాయకైనా ఇంకేం మిగులుతుంది?

స్పెయిన్‌లో ఇదే పద్ధతికి ఎక్కువగా వాడేది ఓహిబ్లాంకా అనే రకం.

ఆకుపచ్చ ఆలివ్, నల్ల ఆలివ్ వేర్వేరు చెట్లా?

కాదు. ఏ చెట్టు కాయ అయినా మొదట ఆకుపచ్చగా ఉండి, వంకాయ రంగుకు తిరిగి, చివరికి నల్లబడుతుంది. కొన్ని రకాలు పచ్చిగా బాగుంటాయి, కొన్ని పండాక. మధ్యధరా దేశాల్లో పచ్చివి సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కోస్తారు. నల్లవి నవంబర్ నుంచి జనవరి దాకా నడుస్తాయి.

చెట్టు మీంచి కోసి నేరుగా తినలేమా?

ఒకసారి కొరికితే మళ్లీ అడగరు. ఒల్యూరోపీన్ అనే పదార్థం వల్ల పచ్చి ఆలివ్ భరించలేనంత చేదు, పైగా వగరు. దాన్ని వదిలించడానికే ఈ ఊరవేయడమంతా. టర్కీలో ఇజ్మీర్ దగ్గర కరాబురున్ ద్వీపకల్పంలో మాత్రం ఒక వింత ఉంది. సముద్రపు గాలీ తేమా కలిసొచ్చినప్పుడు ఒక రకం బూజు కాయ మీద పనిచేసి, చెట్టు మీదే చేదు విరిచేస్తుంది. వాటిని హుర్మా అంటారు. ఉప్పు కూడా అక్కర్లేదు, కోసి తినేయడమే. అవి ఊరు దాటి రావడం అరుదు.

ఊరవేసే పద్ధతుల్లో తేడా ఏమిటి? కొనేవాడికి అది ఎందుకు?

ఎందుకంటే రుచి సగం అక్కడే తేలిపోతుంది.

స్పెయిన్‌లోని సెవిల్లె పద్ధతిలో పచ్చి కాయలను కొన్ని గంటలు కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచి, కడిగి, ఉప్పునీళ్లలో వేసి పులియనిస్తారు. మన ఇంట్లో పెరుగును తోడుకునేలా చేసే కోవ బ్యాక్టీరియాయే అక్కడా పనిచేసి, లాక్టిక్ పులుపు తెస్తుంది. స్పెయిన్ మాంజనీయా, గోర్దాల్ కాయలు ఇలా తయారవుతాయి. సోడా వాడారని భయపడాల్సిన పని లేదు, కడగడంలో పోతుంది.

గ్రీకు పద్ధతిలో సోడా ఉండదు. కాయలను నేరుగా గాఢమైన ఉప్పునీళ్లలో వేసి నెలల తరబడి వదిలేస్తారు. చేదు నెమ్మదిగా దిగుతుంది, కొంచెం మిగులుతుంది కూడా. వైన్‌ను తలపించే వాసన వచ్చేది ఈ పద్ధతిలోనే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే, ఆ మిగిలిన చేదు కోసమే.

ఇంకొకటి కాయను రాయితోనో చెక్కతోనో చితక్కొట్టి, రోజూ నీళ్లు మార్చి, తర్వాత ఉప్పునీళ్లలో వేయడం. పాలస్తీనా, లెబనాన్, సైప్రస్ ఇళ్లలో ఎక్కువగా చేసేది ఇదే. వారాల్లో తయారైపోతాయి, చేదు బాగానే ఉంటుంది, నిమ్మ, వెల్లుల్లి, పచ్చిమిర్చి బాగా పడతాయి.

చివరిది పొడి ఉప్పు. పండిన నల్ల కాయలను రాళ్లుప్పులో పొరలుపొరలుగా వేస్తే నీరంతా దిగి, కాయ ముడతలు పడుతుంది. మొరాకో బెల్ది, గ్రీసులో థాసోస్ దీవి థ్రూంబా ఈ బాపతు. రుచి గట్టిగా, నూనె నూనెగా ఉంటుంది. చూడటానికి బాగుండవని చాలామంది వదిలేస్తారు. వాళ్లకే నష్టం.

మొదటిసారి తినేవాళ్లు ఏ రకంతో మొదలుపెట్టాలి?

కాస్తెల్‌వెత్రానో. ఇటలీ దీవి సిసిలీలో త్రాపాని జిల్లాలోని ఊరి పేరు అది. కాయ రకం పేరు నొచెల్లారా దెల్ బెలిచే. గుండ్రంగా, పచ్చగా మెరుస్తూ ఉంటుంది. తేలికపాటి సోడా నీళ్లలో ఉప్పు కలిపి ఊరవేస్తారు, పులియనివ్వరు. అందుకే పులుపు దాదాపు ఉండదు. పంటికింద కరకరమంటుంది, తర్వాత వెన్న రుచి, చివర్లో కాస్త తీపి. ఆలివ్ నచ్చదని భీష్మించుకున్నవాళ్లకు ఇది పెట్టి చూడండి. పిల్లలు కూడా తింటారు, గింజ జాగ్రత్త.

తర్వాత దక్షిణ ఫ్రాన్స్ లూక్ రకం దొరికితే వదలకండి. చంద్రవంకలా వంగి ఉండే పచ్చ కాయ, బాదంపప్పు రుచి. మన దేశంలో కనిపించడం కష్టం. ఇటలీ పూల్యా ప్రాంతపు చెరిన్యోలా చాలా పెద్దది, కండ ఎక్కువ, రుచి చప్పన. వచ్చినవాళ్ల ముందు పెట్టడానికి బాగుంటుంది, అంతకుమించి నేను పొగడను.

నల్లవాటిలో గ్రీసు కలమాటా అందరికీ తెలిసిందే. దానికన్నా చిన్నవి ఇటలీ లిగూరియా ప్రాంతపు తజ్జాస్కా, నీస్ దగ్గరి కైయెత్యే. కండ తక్కువ, గింజ ఎక్కువ, కానీ రుచి చూశాక ఆ సంగతి గుర్తుండదు. ఫ్రాన్స్‌లోనే న్యోన్స్ ఊరి తాంష్ రకం ఉంది. చలికి కాస్త ముడత పడ్డాక కోస్తారు. ఆ దేశంలో భౌగోళిక గుర్తింపు అందుకున్న మొదటి ఆలివ్ అదే, 1994లో. టర్కీ బుర్సా ప్రాంతపు గెమ్లిక్ కూడా ఈ వరసలోదే. ధర తక్కువ, కండ మెత్తన, గింజ సులువుగా ఊడుతుంది. పొద్దున రొట్టెతో తినడానికి దీన్ని మించింది లేదు.

ఒట్టి 'ఆలివ్‌లు' అని సీసా మీద రాస్తే, బంగినపల్లో చిన్నరసమో చెప్పకుండా 'మామిడి' అని అమ్మినట్టే. రకం పేరు రాయనివాళ్లు అది చెప్పుకోదగ్గది కాదని తామే ఒప్పుకుంటున్నారు.

కలమాటా అని రాసి ఉంటే అది కలమాటాదేనా?

చాలాసార్లు కాదు. అయినా మోసం అనుకోనక్కర్లేదు. ఐరోపా సమాఖ్య ఇచ్చిన భౌగోళిక రక్షణ ప్రకారం 'ఎల్యా కలమాతాస్' అన్న పేరు గ్రీసులోని మెస్సీనియా ప్రాంతపు కాయలకే చెల్లుతుంది. కానీ ఆ రకం లకోనియాలో, ఏతోలోఅకర్నానియాలో కూడా విస్తారంగా పండుతుంది. బయటి మార్కెట్లో అన్నిటినీ కలమాటా అనే అమ్ముతారు, వాటిలో మంచివీ ఉన్నాయి. కాయ బాదం ఆకారంలో, చివర మొనదేలి ఉండాలి. రంగు ముదురు వంకాయ రంగు, అదీ ఎగుడుదిగుడుగా. అన్ని కాయలూ ఒకేలా నిగనిగలాడే కారునలుపులో ఉంటే అది వేరే సరుకు. ఉప్పునీళ్లతో పాటు ఎర్ర వైన్ వెనిగర్, ఆలివ్ నూనె ఉంటే సంప్రదాయ పద్ధతి. సన్‌ఫ్లవర్ నూనె ఉంటే ధర తగ్గించడానికి చేసిన పని.

లేబుల్ మీద ఏం చూడాలి?

ముందు పదార్థాల పట్టిక. ఆలివ్‌లు, నీళ్లు, ఉప్పు, మహా అయితే వెనిగర్ లేదా లాక్టిక్ ఆమ్లం. అంతే ఉంటే మంచిదే. ఆహారంలో కలిపేవాటికి ఇచ్చే ఐఎన్ఎస్ నంబర్లలో 579 లేదా 585 కనిపిస్తే ఇనుప లవణంతో నల్లబరిచిన కాయ అని అర్థం. ఆరోగ్యానికి హాని కాదు, కాకపోతే మీరు వెతుకుతున్నది అది కాదు.

తర్వాత డ్రెయిన్డ్ వెయిట్, అంటే నీళ్లు వంపేశాక మిగిలే కాయ బరువు. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది నీళ్లతో కలిపిన బరువు. రెండు సీసాల ధర పోల్చాలంటే నీళ్లు తీసేసిన బరువుతోనే పోల్చండి. చవక అనుకున్నది చాలాసార్లు ఖరీదైనదని తేలుతుంది.

160/180, 201/220 లాంటి అంకెలు ఉంటే అవి కిలోకు ఎన్ని కాయలు తూగుతాయో చెప్పేవి. అంకె చిన్నదైతే కాయ పెద్దది. గ్రీకు వ్యాపారులు వీటికి పేర్లు కూడా పెట్టారు. కిలోకు 101-110 తూగితే మామత్, 351-380 అయితే బుల్లెట్స్. పెద్ద కాయకు ధర ఎక్కువ, రుచి ఎక్కువని మాత్రం కాదు.

మరీ పచ్చగా, మెరిసిపోతూ ఉన్న కాయను కాస్త అనుమానించండి. 2016లో ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్ బయటపెట్టిన ఆహార కల్తీల్లో, ఇటలీలో పట్టుబడిన 85 టన్నులకు పైగా ఆలివ్‌లు ఉన్నాయి. రంగు కోసం వాటికి కాపర్ సల్ఫేట్ ద్రావణం పట్టించారు. మన దగ్గర పొలాల్లో కొట్టే మైలుతుత్తమే అది. కాస్తెల్‌వెత్రానో సహజంగానే పచ్చగా ఉంటుంది. మిగతా పచ్చ రకాలు పులిసాక గడ్డి రంగులోకో లేత పసుపులోకో దిగడమే మామూలు.

గింజ తీసినవి కొనాలా, గింజతోనా?

గింజతో. గింజ తీస్తే ఆ రంధ్రంలోంచి ఉప్పునీళ్లు లోపలికి పోయి రుచిని కడిగేస్తాయి, కండ కూడా మెత్తబడుతుంది. వంటలోకి కావాలంటే పలక మీద కాయ పెట్టి, చాకును అడ్డంగా పెట్టి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కండి. గింజ దానంతటదే బయటికొస్తుంది. రాకుండా మొండికేస్తే ఆ కాయ ఇంకా సరిగా ఊరలేదని కూడా అనుకోవచ్చు. ముక్కలుగా కోసి అమ్మేవి కొననే వద్దు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎక్కడ దొరుకుతాయి?

మామూలు సూపర్‌మార్కెట్లో దొరికేవి ఎక్కువగా స్పెయిన్ నుంచి వచ్చే పచ్చవి, నల్లబరిచినవి. వాటిలో ఎంచుకోక తప్పదంటే గింజతో ఉన్న పచ్చవి తీసుకోండి. కలమాటా కావాలంటే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు దిగుమతి సరుకు పెట్టే దుకాణాల్లో వెతకాలి. విజయవాడలో, విశాఖలో ఆన్‌లైన్ ఆర్డరే నమ్మకం. కాస్తెల్‌వెత్రానో ఒకసారి కనిపిస్తుంది, తర్వాత నెలల పాటు కనిపించదు. దొరికినప్పుడు రెండు సీసాలు తెచ్చుకోవడమే.

దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న స్టిక్కర్ తప్పనిసరి. అది లేకపోతే వద్దు. చివరి తేదీ దగ్గరపడ్డ సీసాలను సగం ధరకు పెడుతుంటారు. ఆలివ్ తొందరగా పాడయ్యే సరుకు కాదు. ఉప్పునీళ్లు తేటగా ఉండి, మూత ఉబ్బకుండా, తేదీ ఇంకా మిగిలి ఉంటే ధైర్యంగా కొనొచ్చు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు?

మీది అదృష్టం. గల్ఫ్‌లో పెద్ద హైపర్‌మార్కెట్లలో ఆలివ్‌లకు ప్రత్యేకంగా కౌంటరే ఉంటుంది. పాలస్తీనా, లెబనాన్, ఈజిప్టు, టర్కీ, మొరాకో కాయలు తొట్లలో పోసి కిలోల లెక్కన అమ్ముతారు. అక్కడ సిగ్గుపడకుండా రుచి చూపించమని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. తొట్టిలో కాయలు నీళ్లలోనో నూనెలోనో మునిగి ఉన్నాయా చూడండి. పైన తేలి ఆరిపోయినవి వద్దు. కొరికినప్పుడు కండ గింజ నుంచి శుభ్రంగా విడిపోవాలి, పిండిపిండిగా ఉండకూడదు. ముందు ఉప్పు తగిలి, తర్వాత పండు రుచి రావాలి. ఉప్పు తప్ప ఇంకేమీ రాకపోతే ముందుకు నడవండి. పాత తోలు వాసనో, కుళ్లిన చీజ్ వాసనో వస్తే పులియడం చెడింది. స్పెయిన్‌లో ఆ తెగులును సపతేరా అంటారు. ప్యాక్ చేసేటప్పుడు కాస్త ఉప్పునీళ్లు కూడా పోయమని చెప్పండి.

అమెరికాలో పెద్ద సూపర్‌మార్కెట్ల ఆలివ్ బార్‌లు చూడటానికి బాగుంటాయి, ధర గట్టిగానే ఉంటుంది. నన్నడిగితే ఊళ్లో ఉన్న అరబ్, టర్కిష్, గ్రీకు కిరాణాకు వెళ్లండి. సరుకు త్వరగా ఖర్చవుతుంది కాబట్టి తాజాగా ఉంటుంది, ధరా తక్కువే.

మేం శాకాహారులం. ఏమైనా జాగ్రత్త పడాలా?

పడాలి. స్పెయిన్ ఆలివ్‌లలో బాగా అమ్ముడయ్యేవాటిలో ఆంకోవీ కూరినవి ఒకటి. ఆంకోవీ అంటే చేప. గింజ తీసిన చోట చేప ముద్ద ఉంటుంది, పైకి మామూలు పచ్చ ఆలివ్‌లాగే కనిపిస్తుంది. మన దేశంలో ఆకుపచ్చ చుక్క చూసి కొనొచ్చు, బయటి దేశాల్లో పదార్థాలు చదవాల్సిందే. ఫ్రాన్స్ తాపనాద్ అనే ఆలివ్ పచ్చడిలో కూడా ఆంకోవీ వేయడం మామూలే. ఇటలీ అస్కోలీ ఆలివ్ బజ్జీల్లో మాంసం కూరుతారు.

బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?

తక్కువ తినొచ్చు, లెక్క పెట్టుకుని. వంద గ్రాముల పచ్చ ఆలివ్‌లలో దాదాపు ఒకటిన్నర గ్రాముల సోడియం, అంటే నాలుగు గ్రాముల దాకా ఉప్పు. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మధ్యరకం కాయలు ఎనిమిది తింటే సుమారు గ్రాము ఉప్పు లోపలికి వెళ్లినట్టే. మంచినీళ్లలో కాసేపు నానబెడితే కొంత ఉప్పు దిగుతుంది. ఆ రోజు ఆవకాయ మానేయాలి మరి. ఉప్పు విషయంలో డాక్టర్ గట్టిగా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి.

తెరిచాక ఎలా నిల్వ ఉంచాలి? పైన తెల్లగా తెట్టు కట్టింది, పారేయాలా?

ఫ్రిజ్‌లో, దాని ఉప్పునీళ్లలోనే, కాయలు మునిగేలా ఉంచండి. నీళ్లు చాలకపోతే లీటరుకు 50 గ్రాముల ఉప్పు లెక్కన కలిపి పోయండి. ఒట్టి నీళ్లు పోస్తే పాడవుతాయి. వేళ్లు పెట్టకుండా పొడి చెంచా వాడండి, ఊరగాయ జాడీ మర్యాదలన్నీ దీనికీ వర్తిస్తాయి. పల్చగా తెల్లటి తెట్టు కడితే అది ఈస్ట్. తీసేసి, వాసన బాగుంటే తినొచ్చు. రంగురంగుల బూజు, మెత్తబడ్డ కాయ, చెడు వాసన ఉంటే ఆలోచించకుండా పారేయండి. మూత ఉబ్బితే రుచి కూడా చూడొద్దు.

తినే ముందు అరగంట బయట పెట్టండి. చల్లగా ఉంటే రుచి తెలియదు, నూనెలో ఉన్నవైతే నూనె గడ్డకట్టి కూడా ఉంటుంది.

మన భోజనంలోకి పనికొస్తాయా?

కొన్ని. పెరుగన్నంలోకి ముడతల మొరాకో ఆలివ్ నంజుకుంటే అద్భుతం. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపులో గింజ తీసిన ఆ కాయలు అర నిమిషం వేయించి చూడండి. చితక్కొట్టిన పాలస్తీనా కాయలు ముద్దపప్పన్నంలోకి బాగుంటాయి, పప్పులో ఉప్పు తగ్గించాలి. కాస్తెల్‌వెత్రానోను మాత్రం పోపులో వేసి పాడుచేయకండి, ఉత్తగా తినాలి. ఉప్మాలో ఆలివ్ వేసే వీడియోలు వస్తుంటాయి. నాకు అవి ఎక్కలేదు.

ఇంట్లో ఊరవేసుకోవచ్చా?

తెలుగు రాష్ట్రాల్లో పచ్చి ఆలివ్ దొరకదు కాబట్టి ఆ ముచ్చట కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకే. అక్కడ వీధుల్లోనే చెట్లుంటాయి. కాస్టిక్ సోడా జోలికి వెళ్లకండి. పుచ్చులు లేని పచ్చి కాయలు తీసుకుని, గింజ పగలకుండా కండ చిట్లేలా ఒక్కొక్కటీ కొట్టి, చన్నీళ్లలో వేసి రోజూ నీళ్లు మార్చండి. వారం తర్వాత రుచి చూడండి. చేదు ఇంకా ఎక్కువనిపిస్తే మరికొన్ని రోజులు. తర్వాత అమెరికన్ గాలన్ (సుమారు 3.8 లీటర్ల) నీళ్లకు కప్పున్నర అయొడిన్ కలపని ఉప్పు, రెండు కప్పుల వెనిగర్ కలిపి అందులో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పండిన చిన్న నల్ల కాయలైతే బరువులో సగం ఉప్పు కలిపి, నీరు కారిపోయే పెట్టెలో ఐదారు వారాలు ఉంచుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంట్లో ఊరవేసుకునేవాళ్ల కోసం వివరమైన సూచనలు ప్రచురించింది. కొలతల్లో సొంత తెలివి చూపించకుండా వాటినే పాటించండి.

రాజస్థాన్‌లో ఆలివ్ తోటలు ఉన్నాయంటారు. ఆ కాయలు కొనొచ్చా?

ఇజ్రాయెల్ సహకారంతో 2008లో అక్కడ మొక్కలు నాటారు, బికనేర్ జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో నూనె మిల్లు కూడా పెట్టారు. కానీ అదంతా నూనె కోసం, ఆకుల టీ కోసం. ఊరవేసిన కాయ కోసం అటు చూడక్కర్లేదు.

కేరళలో ఉప్పునీళ్లలో వేసి అమ్మే కాయలు ఆలివ్‌లేనా?

కాదు. అది కారక్క, సిలోన్ ఆలివ్ అనే వేరే చెట్టు కాయ. బెంగాల్ జల్‌పాయి కూడా ఆ కుటుంబానిదే. పుల్లగా బాగుంటుంది, కారం వేసుకుని తినండి, కానీ ఆలివ్ ధర పెట్టకండి.

విదేశాల నుంచి వచ్చేటప్పుడు తేవచ్చా?

సీలు తీయని సీసాలు, డబ్బాలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకోండి. చేతి సంచిలో వద్దు, సెక్యూరిటీ దగ్గర ఉప్పునీళ్లను ద్రవం కిందే లెక్కేస్తారు, వంద మిల్లీలీటర్లు దాటితే తీసేసుకుంటారు. గాజు సీసాల కన్నా గాలి తీసిన ప్లాస్టిక్ ప్యాకెట్లు నయం, బరువు తగ్గుతుంది, పగిలే టెన్షన్ లేదు. ఎన్ని కట్టినా రెండు కవర్లలో కట్టి, చీరల పెట్టెలో మాత్రం పెట్టకండి.